చల్లటి వాత

మొన్న మార్కాపురం బస్టాండులో ఒక కుర్ర డాక్టరు నన్ను ఆపాడు. ఈ మధ్యే పశువుల ఆసుపత్రిలో చేరాడట, నా గురించి ఎవరో చెప్పారట. "మేడం, మీరు ఒకప్పుడు గుర్రానికి ఫ్రీజ్ మార్కింగ్ చేశారంట గదా. గుర్రం ఎట్ల తట్టుకుంది? ఎన్నాళ్ళకు కోలుకుంది?" అని అడిగాడు. ఈలోపు గిద్దలూరు బస్సు వచ్చింది. సీటు కోసం పరుగెత్తి, కిటికీలోంచి తల బయటపెట్టి, "గుర్రం బాగానే కోలుకుంది నాయనా, కాకపోతే..." అన్నాను. మిగతా మాట హారన్‌లో కలిసిపోయింది. అసలు చెప్పాల్సింది ఆ మిగతా మాటే. ఇంటికి వచ్చానన్నమాటే గాని అన్నం తింటున్నా అదే, పడుకున్నా అదే. లేచి నాలుగుసార్లు వరండాలో తిరిగి, ఇక లాభం లేదని రాయడానికి కూర్చున్నాను. ఆ అబ్బాయి చదువుతాడో లేదో. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చిన వాళ్ళు ఎవరు చదివినా సరే.

ముందే చెప్తున్నాను, నాది కాలు నిలవని ఒళ్ళు. నోరు అంతకన్నా నిలవదు. సర్వీసంతా పశువులతో మాట్లాడుతూనే వైద్యం చేశాను. ఇంజెక్షన్ ఇస్తున్నా మాటే, కట్టు కడుతున్నా మాటే. "మేడం గొంతు వింటే గేదెలు సగం నయమైపోతాయి" అని మా కాంపౌండరు పొగిడేవాడు. వెక్కిరించేవాడో ఏమో, ఇప్పటికీ నాకు అనుమానమే.

రిటైర్ కావడానికి కొన్నేళ్ళ ముందు నన్ను అర్ధవీడు వైపు, నల్లమల కింద ఉన్న ఒక ఆసుపత్రికి వేశారు. రెండు గదులు, ఒక వేపచెట్టు, పశువుల్ని నిలబెట్టే ఒక ఇనుప బోను. నేను, కాంపౌండరు. ఆయన ఉద్యోగానికి సర్కారు పెట్టిన పేరు వేరే ఉంది గాని ఊళ్ళో అందరికీ కాంపౌండరే. అక్కడికి ఒక వానాకాలం చివర్లో ఒకామె వచ్చింది. ముప్పై ఏళ్ళు ఉంటాయి. గొర్రెలు మేపే ఇంటి కోడలు. మొగుడు హైదరాబాదులో అపార్ట్‌మెంట్ల పనికి పోయి అక్కడే ఉండిపోయాడు. మంద ఆమె చేతికీ, ముసలి మామ చేతికీ వచ్చింది. చేతిలో కర్ర పట్టుకునే లోపలికి వచ్చి, కుర్చీ చూపిస్తే కూర్చోకుండా గోడకు ఆనుకుని నిలబడింది.

"అక్కా, మా గుర్రానికి గుర్తు వెయ్యాల."

"గుర్రానికా? ఎందుకు?"

"పోయినేడు కిందికి పోయినప్పుడు దీని తల్లి తప్పిపోయింది. వారం తర్వాత ఇంకొకరి మందలో కనపడింది. మాది అన్నా. వాళ్ళూ మాదే అన్నారు. నల్ల గుర్రం నల్లగానే ఉంటది గదా, ఏమని చూపిచ్చాల? వదిలేసి వచ్చినాం. ఇదొక్కటే మిగిలింది. ఇది కూడా పోతే మేం కదల్లేం."

కిందికి అంటే కోస్తా వైపు. అక్కడ వరికోతలు అయ్యాక ఈ కొండ కింది మందలన్నీ అటు తరలిపోతాయి. చలి తగ్గేసరికి ఇక్కడ గడ్డి పరక మిగలదు. పోయేటప్పుడు రాత్రిళ్ళు మంద చుట్టూ కట్టే వలలు, వంటసామాను, దారిలో పుట్టిన గొర్రెపిల్లలు, అన్నీ గుర్రం మీదే. గుర్రం లేకపోతే ప్రయాణం లేదు. ప్రయాణం లేకపోతే మంద ఇక్కడే మాడి చస్తుంది. ఆమె ఇవన్నీ చెప్పలేదు. ఆ వైపు పనిచేసే నాకు చెప్పక్కర్లేదు.

"మరి వాత పెట్టించుకోవచ్చు గదా, మీ వాళ్ళు పెడతారు గదా?" అన్నాను.

"దాని తల్లికి పెడితే పుండై పురుగులు పడి గుర్తే చెరిగిపోయిందక్కా. కాల్చకుండా ఏదన్నా ఉంటే చెప్పు. లేకుంటే పోతా."

చెప్పొద్దూ, నాకు హుషారు పుట్టుకొచ్చింది. ఎప్పుడో ట్రైనింగులో ఒక్కసారి చూసిన పని. గేదెలకు సూది వేయడానికి వీర్యం దాచే లిక్విడ్ నైట్రోజన్ ఉంటుందే, మా వాళ్ళందరూ గ్యాసు అంటారు, అందులో ఇత్తడి ముద్రను ముంచాలి. వెంట్రుకలు గొరిగిన చోట దాన్ని కాసేపు అదిమిపెట్టాలి. వెంట్రుకకు రంగునిచ్చేది చస్తుంది, వెంట్రుక కుదురు బతుకుతుంది. రెండు మూడు నెలలకు అక్కడ తెల్ల వెంట్రుకలు మొలుస్తాయి. నల్ల గుర్రం మీద తెల్ల గుర్తు, ఎవడు చెరపగలడు? తక్కువసేపు అదిమితే పాత రంగే మొలుస్తుంది, ఎక్కువసేపు అదిమితే కుదురే చచ్చి బోడి మచ్చ పడుతుంది. అంతే చిక్కు.

"ఆ గ్యాసు గేదెలకి మేడం, గుర్రాలకి కాదు" అని కాంపౌండరు మొహం ముడుచుకున్నాడు. "అయిపోతే మార్కాపురం నుంచి బండి ఎప్పుడొస్తదో ఏమో, లోపల సరుకంతా పాడైతే ఎవరు చెప్పుకోవాల?"

"నేను చెప్పుకుంటాలే" అన్నాను.

వాళ్ళు గొర్రెల వీపు మీద జేగురుతో వేసే గుర్తు ఒకటుంది, నిలువు గీత, పక్కన సున్న. ఆమె దాన్ని పలక మీద గీసిచ్చింది. ఆ పలక పట్టుకుని మార్కాపురంలో ఇత్తడి బిందెలకు మాట్లు వేసే ఆయన దగ్గరకు పోయాను. ఆయన పలకను అటు తిప్పి ఇటు తిప్పి, "ఏంది తల్లీ, జంతికల గొట్టానికి బిళ్ళా?" అన్నాడు. గుర్రానికి అంటే నమ్మలేదు. పని మాత్రం శుభ్రంగా చేసిచ్చాడు.

ముద్ర వేసే రోజు ఊరి బయట, కంది చేను గట్టున గుర్రం ఉంది. చిన్న గుర్రమే, ఆ వైపువన్నీ చిన్నవే. కళ్ళు మాత్రం ఇంతింత. దాని మెడ పక్కన ముసలాయన, ఆమె మామ. సన్నగా, వంకరగా, నోటి నిండా ఆకుతో ఉన్నాడు. గుర్రాన్ని ఆయన ముద్దుగా పిలవడం నేను ఒక్కనాడూ వినలేదు. "నీ దుంప తెగ, నిలబడవే. ఏంది నీ నీలుగుడు" అని గొణుగుతూనే ఉంటాడు. అది ఆ తిట్లు వింటూ చెవులు వేలాడేసి నిద్రపోతుంది.

"గుర్తు ఎందుకమ్మా" అన్నాడు నన్ను చూసి. "దాని మొహం చూస్తే తెలవదా?"

"నీకు తెలుస్తుంది పెద్దాయనా, పోలీసోడికి తెలియొద్దూ?" అన్నాను.

కాంపౌండరు దాని పై పెదవికి తాడు మెలేసి పట్టుకున్నాడు. నేను ఎడమ భుజం మీద, బరువు ఒరుసుకోని చోట గొరిగి, స్పిరిట్‌తో తుడిచాను. డబ్బా మూత తీసేసరికి తెల్లటి పొగ బుసబుసమంటూ బయటకు పొంగింది. గుర్రం ఒళ్ళంతా ఒక్కసారి వణికింది. నేను మాట్లాడుతూనే ఉన్నాను, "ఏం లేదమ్మా, ఏం లేదు తల్లీ, అయిపోయింది, అయిపోయింది" అని. ముద్ర అదిమాను. మొదటి క్షణాల్లో అది వెనక్కి విసురుగా తన్నింది, కాంపౌండరు తాడుతో సహా ఊగిపోయాడు. తర్వాత చర్మం మొద్దుబారి, అది నిలబడింది. నిలబడింది అంటే భరించింది అని. ముద్ర తీసేసరికి భుజం మీద గీత, సున్న లోపలికి నొక్కుకుపోయి, మంచు పట్టి, చెక్కలా గట్టిగా ఉన్నాయి. ముసలాయన వేలితో తాకి చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

కాసేపటికి మంచు కరిగింది. అప్పుడు మొదలవుతుంది అసలు మంట. గుర్రం భుజం చర్మాన్ని ఈగ వాలినట్టు అదిరిస్తూ, తల తిప్పి తిప్పి చూసుకుంది. సాయంత్రానికి గుర్తు మొత్తం ఉబ్బి పైకి లేచింది. "ఈ వాపు వస్తుంది, రెండు మూడు రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. ఏమీ పుయ్యొద్దు, ఏమీ చెయ్యొద్దు" అని ఇద్దరికీ చెప్పాను. కోడలు సరేనంది. ముసలాయన తల ఊపాడు. ఆ వైపు పెద్దవాళ్ళు తల ఊపితే ఒప్పుకున్నట్టు కాదు, చెవిన పడిందని అర్థం. అది నాకు అప్పటికింకా తెలియదు.

ఇంట్లో ఉండబుద్ధి కాలేదు. ఆసుపత్రిలో కూర్చుంటే గుర్రం భుజమే కళ్ళ ముందు. ఎక్కువసేపు అదిమానా, తక్కువసేపు అదిమానా? మూడో రోజు మధ్యాహ్నం స్కూటర్ తీశాను. పోయి ముందు భుజం చూశాను. గీతనూ సున్ననూ కలుపుతూ అడ్డంగా, ఎర్రగా, తడిగా, ఇంకో గీత. ఇనప కడ్డీ కాల్చి పెట్టిన వాత.

"ఎవరు పెట్టారు ఇది?"

"నేనే పెట్టినా" అన్నాడు ముసలాయన, ఏదో ఘనకార్యం చేసినట్టు. "వాచింది గదా. వాపుకి వాత పెట్టకపోతే పూలు పెడతారా?"

"తగ్గుతుందని చెప్పానా లేదా?"

"చెప్పినావు. కానీ నువ్వు పెట్టింది చలి గదమ్మా. అంత చలి లోపలికి దిగితే ఎముకని పట్టుకుంటది. దాన్ని లాగాలంటే నిప్పే. ఇంకేముంది దానికి?"

   ఆ కంది చేను మొత్తం దద్దరిల్లేలా అరిచాను. పశువుల పట్ల కనికరం లేదన్నాను, చదువుకున్నవాళ్ళ మాట లెక్కలేదన్నాను, ఇంకా చాలా అన్నాను. ఆయన ఆకు నములుతూ విన్నాడు. కోడలు గొర్రెల వైపు తిరిగి నిలబడి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆమెకు ఇదే తిరిగి వచ్చింది చూడండి, కాల్చొద్దనే గదా నా దగ్గరకు వచ్చింది.

ఇక్కడి నుంచి మీరు జాగ్రత్తగా చదవండి, ఆ కుర్ర డాక్టరుకు చెప్పాలనుకున్నది ఇక్కడే ఉంది. ఒకే భుజం మీద పక్కపక్కనే రెండు గాయాలు, ఒకటి చలిది, ఒకటి నిప్పుది. చలిది నేను చెప్పినట్టే నడిచింది. వాపు దిగింది, చర్మం చుండ్రులా పొట్టు రాలింది, వారం తిరక్కుండానే అక్కడ చెయ్యి వేసినా గుర్రం పట్టించుకోలేదు. నిప్పుది చీము పట్టింది, ఈగలు ముసిరాయి. అందుకని నేను రోజూ పోవాల్సి వచ్చింది. ధనుర్వాతం సూది, చీముకు సూది, నొప్పికి సూది. కడిగినప్పుడల్లా మంట, పూసినప్పుడల్లా మంట. అన్నీ నా చేతులతోనే, నా మాటలతోనే. "ఏం లేదమ్మా, ఏం లేదు తల్లీ."

ముసలాయన ఏం చేశాడు? కాల్చి, దాని పక్కనే గొంగడి పరుచుకుని పడుకున్నాడు. ఈగలు తోలాడు. నీళ్ళు తాపాడు. తిట్టాడు. ఇంకేమీ చెయ్యలేదు.

గుర్రం తన లెక్క తాను వేసుకుంది. కొన్నాళ్ళకు నా స్కూటర్ చప్పుడు మలుపులో వినబడగానే తల ఎత్తేది. దగ్గరకు వస్తే స్పిరిట్ వాసనకు ముక్కుపుటాలు అదిరేవి. నేను "ఏం లేదమ్మా" అన్నానో లేదో, చెవులు వెనక్కి విరిచి, ముందుకాళ్ళ బంధం ఉన్నా ఎగిరెగిరి దూరం పోయేది. ఎక్కడికి? నిప్పు పెట్టిన ఆ ముసలాయన చంకలోకి! నాకు ఒళ్ళు మండిపోయేది. ఎంత మండిందంటే, ఒకసారి ఆ గుర్రంతోనే గొడవపడ్డాను. "నిన్ను కాల్చింది ఆయనే, నేను కాదు" అని నడిరోడ్డు మీద నిలబడి గట్టిగా చెప్పాను. కాంపౌండరు పక్కకు తిరిగి నవ్వుకున్నాడు.

పుండు మానింది. నేను పోవడం మాత్రం మానలేదు. ఇప్పుడు వెంట్రుకల బెంగ. గొరిగిన చోటు నున్నగా ఉంది. తెల్లవి మొలుస్తాయా, నల్లవి మొలుస్తాయా, అసలు మొలుస్తాయా? మందలు కదిలే రోజులు దగ్గర పడుతున్నాయి. గుర్తు లేకుండా పోతే ఇంత బాధా దండగే. గుర్రం దగ్గరకు రానివ్వదు కనుక గట్టు మీద నిలబడి, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి వచ్చేదాన్ని. ఆసుపత్రిలో కాంపౌండరు రోజూ అదే పలకరింపు, "మొలిచినాయా మేడం?" అని. ఒక ఉదయం కోడలు ఫోన్ చేసి, "అక్కా, ముగ్గు పోసినట్టు తెల్లగా వస్తున్నాయక్కా" అంది. పరుగెత్తాను. నిలువు గీత, సున్న, తెల్లగా, పొట్టిగా, దట్టంగా. వాటి మధ్య నుంచి ముసలాయన వాత బోడిగా, నల్లగా, అడ్డంగా. వికారంగానే ఉంది. అయినా పోలీసోడు కాదు, గుడ్డివాడు తడిమినా పోల్చుకుంటాడు. గట్టు మీదే కూర్చుని ఏడ్చాను. సంతోషం వస్తే నాకు ఏడుపే వస్తుంది.

మంద కదిలే రోజు తెల్లవారింది. ఆ ఊరి మందలన్నీ ఒకదాని వెనక ఒకటి తరలిపోతున్నాయట. అప్పుడు ఫోన్ వచ్చింది. "అక్కా, గుర్రం పడి పొర్లుతా ఉంది. లేస్తది, మళ్ళీ పడతది. కడుపు వైపు చూసుకుంటది. పేడ లేదు."

ముసలాయన రాత్రి దానికి కంది పొట్టు తట్టల కొద్దీ పెట్టాడు. దూరం పోవాలి గదా, కడుపు నిండా తిననీ అని. నీళ్ళు సరిగ్గా తాగలేదు. పేగులో గట్టిపడింది. గుర్రానికి వాంతి రాదు, మీకు తెలుసు. శూల ముదిరి, పొర్లాటలో పేగు మెలిక పడితే, ఆ ఊళ్ళో దాన్ని ఎవరూ బతికించలేరు. సంచీ సర్దుకుని, కాంపౌండరును వెనక ఎక్కించుకుని పోయాను. కంగారులో స్కూటర్ చప్పుడు సంగతే గుర్తు లేదు. మేం మలుపు తిరిగేసరికి, చెమటలు కారుతూ నేల మీద పడి ఉన్న గుర్రం దిగ్గున లేచి, పురిటి గొర్రెల మీదుగా దూకి, చేల వెంట పడింది. ఒక గొర్రెపిల్ల కాలు విరగాల్సింది, వెంట్రుకవాసిలో తప్పింది. గుర్రం అల్లంత దూరంలో మళ్ళీ కుప్పకూలింది.

కోడలు నా చెయ్యి పట్టుకుంది.  "ఇది పోతే మేం ఈడనే ఉండాల అక్కా. ముందు పోయినోళ్ళ మందలు దారిలో మేత మిగల్చవు."

ఇంకొకసారి దగ్గరకు పోబోయాను. "ఏం లేదమ్మా..." అనేసరికి అది మళ్ళీ లేవబోయింది. కాంపౌండరు పోతే ఇంకా కంగారుపడింది, పెదవికి తాడు వేసింది ఆయనే గదా. ముసలాయన నా ముందుకు వచ్చి నిలబడ్డాడు. నేను తిట్టిన రోజున ఆకు నములుతూ విన్న మనిషి, ఇప్పుడు నోట్లో ఆకు లేదు, పెదవులు తెల్లబడి ఉన్నాయి.

"తల్లీ, నీ నోరు మూసుకో" అన్నాడు. కోపంగా కాదు, దండం పెట్టినట్టు. "నువ్వు ఏం చెయ్యాలో అది చెయ్యి. మాట మాత్రం రానీకు."

తన గొంగడి తీసి నా తల మీద నుంచి కప్పాడు. నేను చేతులు పొయ్యి బూడిదతో రుద్దుకుని కడుక్కున్నాను. స్పిరిట్ సీసా ముట్టలేదు. మెడ తుడవడానికి వేడి చేసి చల్లార్చిన నీళ్ళు తీసుకున్నాను. కాంపౌండరును కంపచెట్టు వెనక బక్కెట్‌తో, గట్టిపడిన పొట్టు జారడానికి పోసే పారఫిన్ నూనెతో కూర్చోబెట్టాను. ముసలాయన గుర్రం తల దగ్గర కూర్చుని మొదలుపెట్టాడు, "నీ దుంప తెగ, ఎంత తిన్నావే, నీ కడుపు కాలా" అని. నేను కుడి పక్క నుంచి, వంగి, గొర్రెల వాసన కొడుతూ, పాకినట్టుగా దగ్గరకు పోయాను.

ఆ గంట నా సర్వీసులో నేను ఒక్క మాట కూడా మాట్లాడని గంట. మెడ నరంలో సూది దింపేటప్పుడు నాలుక చివరిదాకా వచ్చింది, "అయిపోయింది తల్లీ" అని. పళ్ళతో కరిచి పట్టాను. మందు ఎక్కాక అది కొంచెం మెత్తబడింది. అప్పుడు ముక్కులోంచి గొట్టం. ఊపిరితిత్తుల్లోకి పోతే నూనె పోసిన క్షణమే గుర్రం పోతుంది. మింగాలి, మింగితేనే కడుపులోకి పోతుంది. ముసలాయన దాని గొంతు మీద వేళ్ళతో నిమురుతూ "మింగవే, మింగవే నీ తాడు తెగ" అంటున్నాడు. మింగింది. గొట్టం మెడలో దిగుతుండగా చెయ్యి కింద తగిలింది. చివర ముక్కు పెట్టి చూశాను, పులిసిన పొట్టు వాసన. కడుపే. కేక పెట్టాలనిపించింది. చెయ్యి మాత్రం ఊపాను. కాంపౌండరు చెట్టు వెనక నుంచి నూనె అందించాడు. ఆయన మోకాళ్ళ మీద రావడం చూస్తే ఇంకో రోజైతే పొట్ట చెక్కలయ్యేలా నవ్వేదాన్ని.

తర్వాత చెయ్యడానికేమీ లేదు. ముసలాయన దాన్ని నడిపించాడు, నిలబెట్టాడు, మళ్ళీ నడిపించాడు. నేను గొంగడి కప్పుకుని దూరంగా కూర్చుని, మధ్యమధ్యలో పోయి కుడి డొక్కకు చెవి ఆనించి విన్నాను. మొదట్లో లోపల ఏ చప్పుడూ లేదు. నాకు కూర్చోబుద్ధి కాలేదు, లేస్తే గుర్రం చూస్తుందని లేవలేదు. గడ్డి పరకలు పీకి పీకి ముందు కుప్ప వేశాను. కోడలు వలలు మడిచి కట్టింది, మళ్ళీ విప్పింది. పొద్దు వాలుతుండగా డొక్కలో చిన్నగా గుడగుడ. ఇంకాసేపటికి గుర్రం ఆగి, తోక ఎత్తి, నూనె మెరుస్తున్న నాలుగు పేడ ఉండలు వేసింది.

మీరు నవ్వుకుంటే నవ్వుకోండి. ఆ పేడను చూసి కోడలు నేల మీద కూలబడి పెద్దగా ఏడ్చింది. ముసలాయన గుర్రం మెడ మీద మొహం పెట్టాడు, భుజాలు కదులుతున్నాయి. నేను ఇక ఆగలేకపోయాను. గొంగడి జారిపోతున్నా చూసుకోకుండా లేచి, "అబ్బ, బతికావే తల్లీ!" అని అరిచేశాను.

గుర్రం గిరుక్కున తిరిగింది. నన్ను చూసింది. చెవులు వెనక్కి వాల్చి, నీరసంతో కాళ్ళు తడబడుతున్నా, అడుగులో అడుగు వేసుకుంటూ ముసలాయన వెనక్కి పోయి, ఆయన భుజం చాటున తల దాచుకుంది. తెల్ల గీత, సున్న, మధ్యలో బోడి వాత ఉన్న పక్క నా వైపే ఉంది.

"ఏమనుకోవద్దక్కా" అంది కోడలు, కళ్ళు తుడుచుకుంటూ. "మర్చిపోతదిలే."

 ముసలాయన సిగ్గుపడ్డాడు, నా కోసం. తెల్లవారి ఆలస్యంగానైనా కదులుతామనీ, బరువు తనూ కోడలూ మోసి గుర్రాన్ని ఊరికే నడిపిస్తామనీ గొణిగాడు. సరేనని తల ఊపాను. ఆ రోజు దాని ప్రాణం నిలబెట్టిన మనిషి దాని లెక్కలో గొంగడి కప్పుకున్న ఎవరో నోరులేని పరాయి మనిషి. ఆ మనిషి మీద దానికి కోపమేమీ లేదు. అంతవరకూ మేలే.

గొంగడి మడిచి కోడలి చేతికిచ్చాను. కాంపౌండరు స్కూటర్ స్టార్ట్ చెయ్యబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. ఇద్దరం చెరో పక్కా పట్టుకుని, ఆ గతుకుల బాటలో, మలుపు దాటి, ఇక గుర్రానికి వినబడదనుకున్న తారురోడ్డు దాకా దాన్ని తోసుకుంటూ పోయాం. దారిపొడుగునా నేను ఒక్క మాట కూడా మాట్లాడలేదు.